ఒకే ఊరు, రెండు విమానాశ్రయాలు

మా ఇంటికి ఎవరు భోజనానికొచ్చినా నేను తప్పకుండా చెప్పే కథ ఒకటుండేది. మా అమ్మ మొదటిసారి అమెరికా వచ్చినప్పుడు న్యూయార్కులో ఒక విమానాశ్రయంలో దిగి, రెండు పెద్ద పెట్టెలతో ఇంకో విమానాశ్రయానికి చేరి, అక్కడ విమానం పట్టుకుని ఒహైయో రాష్ట్రంలో మేముండే కొలంబస్ వచ్చిన కథ. పప్పన్నం దగ్గర మొదలుపెడితే పెరుగన్నం దాకా సాగేది. వ్యాను డ్రైవరు కనబడకుండా పోయిన చోట కాస్త ఆగి, అందరి మొహాలూ ఓసారి చూసి, "అప్పుడు మా అమ్మ ఏం చేసిందో తెలుసా?" అనేవాణ్ణి. అందరూ నవ్వేవాళ్ళు. అమ్మ మా ఇంట్లో ఉన్న రోజుల్లో అయితే ఆవిడ కూడా పక్కన కూర్చుని నవ్వేది.

ఇప్పుడా కథ చెప్పడం మానేశాను. ఎందుకు మానేశానో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముందు కథ చెప్పాలి కదా, చెప్తాను.

2013 మే నెల. నాన్న పోయి అప్పటికి మూడేళ్ళు. అమ్మకి 63. తెనాలి నుంచి హైదరాబాదు దాకా బాబాయి తీసుకొచ్చి విమానం ఎక్కిస్తాడు. ఆ పైన ఒక్కతే రావాలి. నేను కంప్యూటర్ కన్సల్టెంటుని. సోమవారం పొద్దున్న ఎక్కడికో ఎగిరి గురువారం రాత్రికి ఇల్లు చేరడం నా ఉద్యోగంలో భాగం. అంచేత టికెట్లు కొనడంలో నన్ను మించినవాడు లేడని నాకో గర్వం. మూడు రాత్రులు కూర్చుని వెతికాను. హైదరాబాదు నుంచి కొలంబస్ దాకా ఒకే టికెట్టు కొంటే ఒక ధర. అదే హైదరాబాదు నుంచి న్యూయార్కు దాకా ఒక టికెట్టు, న్యూయార్కు నుంచి కొలంబస్‌కి వేరే కంపెనీలో ఇంకో టికెట్టు కొంటే 310 డాలర్లు తక్కువ.

ఒక్కటే చిక్కు. మొదటి విమానం దిగేది కెనెడీ విమానాశ్రయంలో. రెండోది ఎగిరేది లగార్డియా నుంచి. రెండూ న్యూయార్కులోనే, ఆ మాటకొస్తే రెండూ క్వీన్స్‌లోనే ఉన్నాయి. మధ్య దూరం పదీ పన్నెండు మైళ్ళు. ఆ దారి నేను ఎన్నోసార్లు వెళ్ళాను. కెనెడీ నుంచి ఎయిర్‌ట్రైన్‌లో జమైకా స్టేషను, అక్కడ ఇ రైలెక్కి జాక్సన్ హైట్స్, అక్కణ్ణించి బస్సు. తీరికుంటే జాక్సన్ హైట్స్‌లో దిగినప్పుడు 74వ వీధిలో మన కొట్లూ, మన హోటళ్ళూ చూసుకుంటూ కాఫీ కూడా తాగొచ్చు. వీపున ఒక్క సంచీతో తిరిగేవాడికి అదొక లెక్కలోది కాదు. అమ్మని రైళ్ళెక్కించనులే, వ్యాను మాట్లాడదాం అనుకున్నాను. పొద్దున్న 8:20కి దిగుతుంది, మధ్యాహ్నం 2:15కి రెండో విమానం. ఆరు గంటలు. కొనేశాను.

అమ్మతో ఫోన్లో నేను చెప్పిన మాట నాకిప్పటికీ గుర్తుంది. "న్యూయార్కులో విమానం మారాలమ్మా, అంతే. వీల్‌చైర్ పెట్టించాను. నేను పంపిన కాయితం చూపించు. వాళ్ళే చూసుకుంటారు."

వీల్‌చైర్ సంగతి ఇక్కడి తెలుగువాళ్ళకి కొత్తగా చెప్పక్కర్లేదు. మన పెద్దవాళ్ళలో చాలామందికి అది నడవలేక కాదు, భాష రాక. కుర్చీతోపాటు ఒక మనిషి వస్తుంది కాబట్టి.

ఆ రోజు విమానం గంటన్నర ఆలస్యంగా దిగింది. అమెరికాలో ముందు ఏ ఊళ్ళో దిగితే అక్కడే ఇమ్మిగ్రేషను, అక్కడే పెట్టెలు తీసుకోవడం, అక్కడే కస్టమ్స్. అవన్నీ అయ్యేసరికి 11:40. నేను మాట్లాడిన వ్యానువాడు తన లెక్క ప్రకారం గంటసేపు చూసి వెళ్ళిపోయాడు. వీల్‌చైర్ తోసుకొచ్చిన ఆవిడ పని ద్వారం దాకానే. అక్కడ అమ్మనీ, పెట్టెలనీ దించేసి ఆవిడ వెనక్కి వెళ్ళిపోవచ్చు. వెళ్ళలేదు. అమ్మ చేతిలో కాయితం చూసి తన సెల్‌ఫోన్ నుంచి నాకు ఫోను చేసింది. నేను వ్యాను కంపెనీకి ఫోను చేస్తే లైన్లో ఉండమని సంగీతం వినిపించారు. నలభై నిమిషాలు ఇలా గడిచాక, ఆవిడే అమ్మని టాక్సీల వరసలోకి తీసుకెళ్ళి, పెట్టెలు ఎక్కించి, ఎక్కడ దించాలో డ్రైవరుకి రెండుసార్లు చెప్పి, టాక్సీ నెత్తిమీద నంబరు నాకు చదివి వినిపించింది. వాన్‌విక్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ఎప్పుడూ ఉండే ట్రాఫిక్కే ఆ రోజూ ఉంది. 1:20కి లగార్డియా. 2:15 విమానం అందింది. సాయంత్రానికి అమ్మ మా ఇంట్లో కూర్చుని, పెట్టె విప్పి, సున్నుండల డబ్బా నా కూతురి చేతిలో పెట్టింది.

కథ సుఖాంతం. అందరూ నవ్వచ్చు.

రెండ్రోజుల తర్వాత ఆ ఫోను నంబరుకి ఫోను చేసి థాంక్స్ చెప్పాను. గయానా నుంచి వచ్చి కెనెడీకి దగ్గర్లోనే రిచ్‌మండ్ హిల్‌లో ఉంటోందట. 1838 నుంచి 1917 దాకా చెరుకు తోటల్లో పనికని మనవాళ్ళని ఓడల్లో తీసుకెళ్ళిన దేశమది. చాలామంది కలకత్తా రేవు నుంచి వెళ్తే, కొందరు మద్రాసు రేవు నుంచి వెళ్ళారు. తన పెద్దవాళ్ళు మద్రాసు ఓడవాళ్ళని ఆవిడ చెప్పింది. ఏ భాషో, ఏ ఊరో తెలీదు. ఏమైనా డబ్బు పంపిస్తానంటే ఒప్పుకోలేదు. "ఈసారి మీ అమ్మని ఒకే ఎయిర్‌పోర్టు మీదుగా రప్పించు, చాలు" అంది. ఆ మాట కూడా నా కథలో ఒక నవ్వుల ఘట్టం అయిపోయింది.

* * *

ఆరేళ్ళు గడిచాయి. 2019లో అమ్మ మూడోసారి మా ఇంటికొచ్చి ఉంది. మా అత్తగారు రావాలి. ఆవిడకి అదే మొదటి ప్రయాణం. పాత అలవాటే కదా, రాత్రిపూట కంప్యూటరు ముందు కూర్చున్నాను. కెనెడీలో దిగి, ఈసారి న్యూజెర్సీలోని నూవర్క్ విమానాశ్రయం నుంచి కొలంబస్ విమానం పట్టుకుంటే 280 డాలర్లు తక్కువ. మా ఆవిడని పిలిచి చూపించాను. "మీ అమ్మ రాగా లేనిది మా అమ్మ రాలేదా?" అని నేనే అన్నాను, ఆవిడ అనకముందే.

అమ్మ సోఫాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండానే అంది: "వద్దురా. ఆవిడని అట్లా తేవద్దు."

"ఎందుకమ్మా? నువ్వు రాలేదూ?"

"వచ్చాన్లే."

ఆ "వచ్చాన్లే" అన్న తీరుకి నేను కంప్యూటరు పక్కన పెట్టాను. అప్పుడు మొదటిసారి అమ్మ కథ అమ్మ నోట విన్నాను.

విమానం మారడమంటే గల్ఫులో మారినట్టే, ఒక గుమ్మంలోంచి ఇంకో గుమ్మంలోకి అనుకుందిట. పెట్టెలు చేతికిస్తారనే తెలీదు. కెనెడీలో దిగింది మొదలు కొలంబస్‌లో మా కారెక్కేదాకా బాత్‌రూముకి వెళ్ళలేదు. పెట్టెలు ఎవరికి అప్పజెప్పి వెళ్తుంది? వ్యాను రాలేదని తెలిసినప్పటి నుంచి, వెళ్ళాల్సి వస్తుందేమోనని నీళ్ళు తాగడం కూడా మానేసింది. టాక్సీ ఎక్కాక చేతి గాజులు తీసి చేతిరుమాల్లో మూటగట్టి జాకెట్లో దోపుకుంది. ముక్కూ మొహం తెలియని మనిషి కారు, ఎక్కడికి పోతోందో తెలీదు. ముప్పావు గంట తిరిగాక ఎదురుగా మళ్ళీ విమానాలూ, కార్ల వరసలూ కనబడ్డాయి.

"మళ్ళీ అదే చోటికి తిప్పి తెచ్చాడనుకున్నానురా. డబ్బు కోసం తిప్పాడు, ఇప్పుడు ఇక్కడ దించేసి పోతాడు, విమానం పోయింది, ఆ పిల్లా వెళ్ళిపోయి ఉంటుంది అనుకున్నా. ఒక ఊళ్ళో రెండు విమానాశ్రయాలుంటాయని నాకేం తెలుసు?"

ఆరేళ్ళపాటు నేను నవ్వుతూ చెప్పిన కథలో ఈ ఘట్టం లేదు. మరి ఎందుకు చెప్పలేదమ్మా అంటే, "నువ్వు అంత సంతోషంగా చెప్పుకుంటుంటే ఏం చెప్పనూ?" అంది.

నేను కష్టపెట్టానని అమ్మకి కోపం లేదు. అది నాకు స్పష్టంగా అర్థమైంది. నాన్న చిన్న ఉద్యోగంతో ముగ్గురు పిల్లల్ని చదివించిన మనిషికి 310 డాలర్లు ఆదా చెయ్యడం తప్పని ఎందుకనిపిస్తుంది? ఆవిడ అన్నది ఒకటే మాట. "చెప్పి ఉంటే ఒక పెట్టే తెచ్చేదాన్ని కదరా."

* * *

ఒక ఊళ్ళో రెండు విమానాశ్రయాలు ఎందుకుంటాయి? ఆ రాత్రి నిద్ర పట్టక వెతుక్కుంటే దొరికిన కథలు మీకూ చెప్తాను, ఇందులో మన సంగతి కూడా ఉంది కాబట్టి.

1934లో న్యూయార్కు మేయరు ఫియొరెల్లో లగార్డియా విమానంలో ఊరికి తిరిగొస్తున్నాడు. ఆ రోజుల్లో న్యూయార్కు విమానాలు దిగేది నూవర్క్‌లో. అది వేరే రాష్ట్రం. మేయరుగారు విమానం దిగనన్నాడు. నా టికెట్టు మీద న్యూయార్కు అని ఉంది, ఇది న్యూయార్కు కాదు అని కూర్చున్నాడు. చివరికి ఆయన్ని బ్రూక్లిన్‌లోని ఫ్లాయిడ్ బెనెట్ ఫీల్డు దాకా తీసుకెళ్ళి దించారు. ఆయన పట్టుదలతో క్వీన్స్‌లో కట్టి 1939లో తెరిచిన విమానాశ్రయానికే తర్వాత ఆయన పేరు వచ్చింది. అది చాలక 1948లో ఇంకొకటి తెరిచారు. 1963లో దానికి కెనెడీ పేరు పెట్టారు. 1984 నుంచి లగార్డియాలో ఒక నియమం ఉంది: శనివారాలూ, డెన్వర్ విమానాలూ తప్పితే 1,500 మైళ్ళు దాటిన చోటికి అక్కణ్ణించి నేరుగా విమానం ఉండదు. దూరప్రయాణాలు కెనెడీకి మళ్ళాలని ఆ నియమం. అందుకే మన దేశం నుంచి వచ్చేవాళ్ళు దిగేదొక చోట, చుట్టుపక్కల చిన్న ఊళ్ళకి వెళ్ళే విమానాలు ఎక్కువగా దొరికేది ఇంకో చోట.

మరి మధ్యలో? 1953లో న్యూయార్క్ ఎయిర్‌వేస్ అనే కంపెనీ ప్రయాణికుల్ని హెలికాప్టర్లలో ఒక విమానాశ్రయం నుంచి ఇంకోదానికి చేరవెయ్యడం మొదలుపెట్టింది. ఆ కంపెనీ 1979లో మూతబడింది. లండన్‌లోనూ హీత్రూ, గాట్విక్‌ల మధ్య 1978 నుంచి 1986 దాకా హెలికాప్టరు నడిచింది. ఆ రెండింటి మధ్య ఎం25 రహదారి భాగం పూర్తయ్యాక మానేశారు. కెనెడీకి ఎయిర్‌ట్రైన్ 2003లో వచ్చింది. లగార్డియాకి అలాంటిదే వేద్దామన్న ఆలోచనని 2023లో విరమించుకున్నారు. మూడు విమానాశ్రయాలనీ నడిపేది పోర్ట్ అథారిటీ అనే ఒకే సంస్థ. టికెట్లు అమ్మే కంప్యూటర్లకి మూడూ కలిపి ఎన్.వై.సి. అనే మూడక్షరాల ఒకే ఊరు. నా తెర మీద అమ్మ ప్రయాణం "ఎన్.వై.సి. దాకా", "ఎన్.వై.సి. నుంచి" అని రెండు వరసల్లో కనబడింది. ఆ రెండు వరసల మధ్య ఉన్న పన్నెండు మైళ్ళు తెర మీద లేవు.

ఒకే టికెట్టు మీద కనెక్షను అమ్మితే మధ్యలో కనీసం ఎంత సమయం ఉండాలో విమాన కంపెనీలకి లెక్కలున్నాయి. తమ ఆలస్యంవల్ల రెండో విమానం తప్పితే ఇంకోదాంట్లో ఎక్కించే పూచీ ఉంది. రెండు టికెట్లు విడివిడిగా కొన్నవాడికి ఆ పూచీ లేదు. మొదటి కంపెనీ దృష్టిలో ప్రయాణం కెనెడీలో అయిపోయింది. రెండో కంపెనీ దృష్టిలో ప్రయాణం లగార్డియాలో మొదలవుతుంది. ఎవరి పని వాళ్ళు సక్రమంగానే చేశారు. వీల్‌చైర్ ద్వారం దాకా వచ్చింది. వ్యాను చెప్పిన గంటా ఆగింది. "వాళ్ళే చూసుకుంటారు" అన్నాను కదా, ఆ "వాళ్ళు" అనేవాళ్ళు మధ్యలో లేరు. ఉన్నది 63 ఏళ్ళ మా అమ్మ ఒక్కతే.

నా వృత్తిలో ఇది నాకు కొత్త కాదు. రెండు పెద్ద సిస్టమ్‌లని కలిపే ప్రాజెక్టుల్లోనే ఇరవై ఏళ్ళు గడిపాను. ఈ పక్కవాళ్ళు "మేం పంపించాం" అంటారు. ఆ పక్కవాళ్ళు "మాకు చేరలేదు" అంటారు. ఇద్దరూ నిజమే చెప్తారు. మధ్యలో పడిపోయినదాన్ని ఏరేది ఎవరో ఒక గుమాస్తా, అర్ధరాత్రి కూర్చుని, చేత్తో. అది తెలిసినవాణ్ణి కూడా నా తల్లిని ఆ మధ్యలో పెట్టాను. అక్కడ ఏరుకునే గుమాస్తా పని కూడా ఆవిడకే అప్పజెప్పాను.

* * *

ఇంతకీ నేను తప్పు చేశానా? ఏమీ జరగలేదు కదా. విమానం అందింది, మనిషి క్షేమంగా చేరింది.

1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్వవేత్తలు ఒకే వేదిక మీద ఒకే ప్రశ్న మీద వ్యాసాలు చదివారు. మనం చేసిన పని మంచిదా చెడ్డదా అన్నది మన చేతిలో లేని అదృష్టం మీద ఆధారపడుతుందా అని. నేగెల్ ఇచ్చిన ఉదాహరణల్లో ఒకటి బ్రేకులు పరీక్ష చేయించని లారీ డ్రైవరు. అలాంటివాళ్ళు ఇద్దరున్నారనుకోండి. ఒకడి దారికి ఎవరూ అడ్డం రాలేదు, ఇల్లు చేరి అన్నం తిని పడుకున్నాడు. రెండోవాడి లారీకి ఒక పిల్లవాడు అడ్డం పరిగెత్తాడు. ఇద్దరూ చేసిన నిర్లక్ష్యం ఒకటే. రెండోవాణ్ణి లోకం ఎప్పటికీ క్షమించదు. మొదటివాణ్ణి ఎవరూ అడగనైనా అడగరు.

నేను ఆ మొదటి డ్రైవర్ని. ఇంకా చెప్పాలంటే, ఇల్లు చేరి అన్నం తింటూ, బ్రేకుల్లేని లారీ ఎంత గమ్మత్తుగా నడిపానో నలుగురికీ చెప్పి నవ్వించిన డ్రైవర్ని.

ఫలితం మన చేతిలో లేదని గీత చెప్పిందని మనవాళ్ళు తరచూ అంటారు. నిజమే. కానీ పని నాది, దాని ఫలితానికి భయపడే వంతు అమ్మది అని గీత ఎక్కడా చెప్పలేదు.

నా ఆదా లెక్క కూడా ఒకసారి వేసి చూశాను. ఒకే టికెట్టయితే పెట్టెలకి విడిగా కట్టక్కర్లేదు. రెండో టికెట్టు మీద రెండు పెట్టెలకి 60 డాలర్లు కట్టాను. రాని వ్యానుకి 38. టాక్సీకి బహుమానంతో కలిపి 45. మిగిలింది 167 డాలర్లు. అయినా అసలు పొరపాటు ఆ కూడికల్లో లేదు. 310 డాలర్లకి ఆ పూర్తి టికెట్టులో అమ్మేది ఏమిటి? మధ్యలో ఏదైనా జరిగితే చూసుకునే పూచీ. దాన్ని నేను కొననంత మాత్రాన ఆ అవసరం పోలేదు. దాన్ని అమ్మ దాహంతోనూ భయంతోనూ కట్టింది. ఆ గయానా ఆవిడ నలభై నిమిషాల పనితో కట్టింది. ఆ నలభై నిమిషాల్లో ఆవిడ ఇంకో ఇద్దరిని తోసుకెళ్ళి వాళ్ళిచ్చే నాలుగు డాలర్లు సంపాదించుకునేది. డబ్బు మిగిలింది నాకు, చెల్లించింది వాళ్ళిద్దరూ. దీన్ని ఆదా అనకూడదేమో. నా జేబులోంచి తీసి, అడక్కుండా, ఇంకొకరి నెత్తిన పెట్టడం.

* * *

ఇక్కడ నాకు నేనే ఒక ఎదురు వాదన చెప్పుకున్నాను. మన పెద్దవాళ్ళేమీ గాజుబొమ్మలు కారు. తెనాలి దాటని ఆడవాళ్ళు దోహాలోనూ, ఫ్రాంక్‌ఫర్టులోనూ గేట్లు వెతుక్కుని విమానాలు మారి వస్తున్నారు. వాళ్ళకేం చేతకాదని మనమే అన్నీ అమర్చిపెట్టడం కూడా ఒకరకమైన చిన్నచూపే. కష్టమైన ప్రయాణం పెట్టడమే తప్పంటే, అసలు ఈ వయసులో వాళ్ళని ఇంత దూరం రప్పించడమే తప్పవుతుంది.

ఈ వాదనలో నిజం ఉంది. దీనికి జవాబు నాకు పుస్తకాల్లో దొరకలేదు, మద్రాసులో దొరికింది.

1987లో అమ్మమ్మా, ఆవిడ చెల్లెలూ రామేశ్వరం వెళ్ళారు. ఆ రోజుల్లో తెనాలి నుంచి వెళ్ళే బ్రాడ్‌గేజి రైలు మద్రాసు సెంట్రల్ చేరేది. రామేశ్వరం వెళ్ళే మీటర్‌గేజి రైలు ఎగ్మోరులో బయల్దేరేది. ఒకే మద్రాసు, రెండు స్టేషన్లు, రెండు రకాల పట్టాలు. మధ్యన రెండు మూడు కిలోమీటర్లు. పట్టాలు కలవని చోట సామాను మోసేది మనిషే. నాన్న రెండ్రోజులు సెలవు పెట్టి వాళ్ళతో మద్రాసు వచ్చాడు. ఎనిమిదేళ్ళ నన్నూ వెంటబెట్టుకొచ్చాడు. సెంట్రల్‌లో దిగి, రిక్షా మాట్లాడి, ఎగ్మోరులో వాళ్ళని రైల్లో కూర్చోబెట్టి, మంచినీళ్ళ మరచెంబు నింపిచ్చి, ఆ రాత్రే మేం తెనాలి రైలెక్కాం. సముద్రం చూపిస్తాడనుకున్న నాకు ఒళ్ళుమండింది. "వాళ్ళని తెనాల్లోనే రైలెక్కిస్తే సరిపోయేదిగా, ఇంత దూరం దేనికి?" అనడిగాను.

"రైలెక్కితే రైలు తీసుకెళ్తుంది. సెంట్రల్ నుంచి ఎగ్మోరుకి ఎవరు తీసుకెళ్తారురా?" అన్నాడు నాన్న.

ఇంతవరకే గుర్తుంచుకుని ఉంటే, నేనూ న్యూయార్కు వెళ్ళి అమ్మకి ఎదురుపడాల్సింది అని సరిపెట్టుకునేవాణ్ణి. ఆ రోజు నాకు డెట్రాయిట్‌లో మీటింగు ఉంది, ఏం చెయ్యను అని తప్పించుకునేవాణ్ణి కూడా. కానీ అమ్మకి ఇంకొంచెం గుర్తుంది. ప్రయాణానికి వారం ముందు నాన్న అమ్మమ్మ ఇంటికెళ్ళి, కూర్చుని, మద్రాసులో స్టేషను మారాలనీ, రిక్షా ఎక్కాలనీ, తను ఎగ్మోరు దాకానే రాగలననీ, తిరుగు ప్రయాణంలో మాత్రం వాళ్ళే దాటుకోవాలనీ చెప్పాడట. అమ్మమ్మ అంతా విని, ట్రంకు పెట్టె మానేసి రెండు గుడ్డ మూటలు కట్టిందట. తిరిగొచ్చేటప్పుడు ఇద్దరు ముసలమ్మలూ మూటలు చంకన పెట్టుకుని, దారి అడుక్కుంటూ, ఎగ్మోరు నుంచి సెంట్రల్‌కి నడిచే వచ్చారట. ఆ కథ అమ్మమ్మ పోయేదాకా చెప్పుకుని నవ్వింది. అది ఆవిడ కథ, ఆవిడ చెప్పుకుంది. అమ్మ కథ మాత్రం నేను చెప్పుకున్నాను.

తేడా ఇదే అనిపిస్తోంది. కష్టం ఉండటం, లేకపోవడం కాదు. అమ్మమ్మకి తన ప్రయాణంలో గుంట ఎక్కడుందో ముందే తెలుసు. దాన్ని దాటడానికి ఒప్పుకుంది, దానికి తగ్గట్టు మూట కట్టుకుంది. అమ్మకి నేను "విమానం మారాలి, అంతే" అన్నాను. ఆ "అంతే" అబద్ధం. భయపడుతుందని చెప్పలేదని అప్పుడనుకున్నాను. నిజం చెప్పాలంటే, చెప్తే "వద్దురా" అంటుందేమోనని చెప్పలేదు. "వద్దు" అనే వీలు ఆవిడకి ఇవ్వకుండా ఆవిడ తరఫున నేనే సరే అనేశాను. నన్ను ఇప్పటికీ బాధపెడుతున్నది వాన్‌విక్ ట్రాఫిక్కూ కాదు, రాని వ్యానూ కాదు. ఆ ఒక్క మాట.

ఇది మన ఇళ్ళల్లో ఎంత సులభంగా జరుగుతుందో గమనించండి. పెద్దవాళ్ళకి ఆపరేషన్లు మనమే నిర్ణయిస్తాం, ఊళ్ళో ఇల్లు అమ్మడం మనమే నిర్ణయిస్తాం, టికెట్లు మనమే కొంటాం. "నీకెందుకమ్మా, నేను చూసుకుంటాగా" అంటాం. ప్రేమతోనే అంటాం. ఆ ప్రేమలో ఎంత వంతు మన తీరుబాటు కోసమో లెక్క చూసుకోం.

* * *

ఆ రాత్రి కాకుండా మర్నాడు రాత్రి, మన దేశంలో పొద్దున్న అయ్యాక, అత్తగారికి ఫోను చేశాం. ఉన్నదున్నట్టు చెప్పాను. దిగేది ఒక విమానాశ్రయం, ఎక్కేది ఇంకోటి, మధ్యలో ముప్ఫై పైచిలుకు మైళ్ళు, టాక్సీ, పెట్టెలు మీరే చూసుకోవాలి, మొదటిది ఆలస్యమైతే రెండోది పోతుంది. ఇలా వస్తే 280 డాలర్లు తక్కువ. ఇలా వద్దంటే ఒకే టికెట్టు కొంటాను, డబ్బు సంగతి మీరు ఆలోచించొద్దు.

ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మూడు ప్రశ్నలడిగారు. "నేను బాత్‌రూముకెళ్తే పెట్టెల దగ్గర ఎవరుంటారు బాబూ? విమానం పోతే ఆ రాత్రి ఎక్కడుండాలి? ఆ రెండో విమానాశ్రయం న్యూజెర్సీ అన్నావు, అది మా చెల్లెలి మనవడు ఉండే ఊరేనా?"

మొదటి రెండు ప్రశ్నలూ మూడు రాత్రులు తెర ముందు కూర్చున్న నాకు 2013లో ఒక్కసారి కూడా తట్టలేదు. మూడోది వినగానే మా ఆవిడ నా వైపు చూసింది. ఆ అబ్బాయి ఉండేది ఎడిసన్‌లో, నూవర్క్‌కి అరగంట దూరంలో.

చివరికి అత్తగారు మధ్యాహ్నం కెనెడీలో దిగారు. ఆ అబ్బాయి కారు తీసుకెళ్ళి ఎదురుపడ్డాడు. రెండు రాత్రులు వాళ్ళింట్లో ఉండి, చెల్లెలి మునిమనవరాలికి తలంటి పోసి, మూడోరోజు పొద్దున్న నూవర్క్‌లో తీరిగ్గా విమానం ఎక్కి వచ్చారు. నా తెర మీద అలాంటి ప్రయాణం ఎక్కడా లేదు. ఆవిడని అడిగితే గానీ రాలేదు.

ఒక్క పెట్టెతో వచ్చారు. అమ్మా నేనూ కలిసి విమానాశ్రయానికి వెళ్ళాం. పెట్టె నేను అందుకోబోతుంటే అమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని ముందు అడిగిన మాట, "వదినగారూ, బాత్‌రూముకెళ్తారా?" అని.